నిద్రపోయే క్రోమోజోము – మేరీ లయన్ పరిశోధన

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థిని)

నలుపు, ఎరుపు, తెలుపు – ఈ మూడు రంగుల మచ్చలూ కలిసివున్న పిల్లిని చూడనివారు మనలో వుండరు. ధాన్యపు కొట్ల దగ్గరా, హాస్టలు వంటశాల వెనకా, బస్టాండు హోటళ్ళ బల్లల కిందా రోజూ కనిపించే ప్రాణే అది. అయితే దాని గురించి ఒక విశేషం చాలామంది గమనించి వుండరు. ఆ పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నలుపూ తెలుపూ కలిసిన మగపిల్లులున్నాయి. ఎరుపూ తెలుపూ కలిసిన మగపిల్లులూ వున్నాయి. కాని నలుపూ ఎరుపూ రెండూ ఒకే వొంటిమీద వున్న మగపిల్లి వేలల్లో ఒకటి పుడితే పుట్టినట్టు. ఎందుకిలా?

ఈ చిన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ పోతే అది పిల్లుల దగ్గర ఆగదు. మన అమ్మల, అక్కచెల్లెళ్ళ శరీరంలో కణకణానా జరిగే ఒక గొప్ప విచిత్రం దగ్గరకు తీసుకుపోతుంది. ఆ విచిత్రాన్ని 1961లో లోకానికి విప్పి చెప్పిన శాస్త్రవేత్త మేరీ ఫ్రాన్సెస్ లయన్. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు “లయన్ ప్రతిపాదన” అని ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కుల వెనక అరవై ఏళ్ళకు పైబడిన సాధన వుందని తెలిశాక, సావనీరుకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ఇంకో విషయం తోచలేదు.

రెండు బస్తాల చిక్కు

ముందుగా ఆర్ట్సు, కామర్సు మిత్రుల కోసం నాలుగు మాటలు మనవి చేస్తాను. సైన్సువారు ఓపిక పట్టాలి.

మనిషి కణంలో 46 క్రోమోజోములుంటాయి. అవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. వీటి మీదే జన్యువులు బారులు తీరి వుంటాయి. ఇందులో 22 జతలు ఆడా మగా అందరికీ ఒకటే. తేడా అంతా ఇరవైమూడో జతలో వుంది. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై. పిల్లిలోనూ, ఆవులోనూ, గేదెలోనూ, చిట్టెలుకలోనూ ఇదే పద్ధతి. సంఖ్యలు మారతాయి గాని లెక్క మారదు. చిట్టెలుకకు 20 జతలు.

ఇప్పుడు చిక్కు చూడండి. ఎక్స్ పెద్ద క్రోమోజోము. మనిషిలో దానిమీద ప్రోటీన్లు తయారుచేయించే జన్యువులు 800కు పైగా వున్నాయి. అవి కేవలం ఆడ, మగ లక్షణాలకు సంబంధించినవి కావు. రక్తం గడ్డకట్టటానికి, కండ పటిష్టంగా వుండటానికి, రంగులు చూడటానికి, ఇలా అందరికీ కావలసినవే. వై చూస్తే చిన్నది, జన్యువులు వందలోపు. అంటే ఎక్స్ మీది జన్యువుల విషయంలో పురుషుడికి ఒక మోతాదు, స్త్రీకి రెండు మోతాదులు ముట్టాలి.

మోతాదుదేముంది అనుకోవద్దు. మాది వ్యవసాయ కుటుంబం గనుక మాకు తెలిసిన భాషలో చెబుతాను. ఎకరానికి ఒక బస్తా యూరియా చాలిన చోట రెండు బస్తాలు చల్లితే పంట రెట్టింపు రాదు. పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి, పురుగును పిలిచి, గాలివానకు నేలకు వొరుగుతుంది. కణంలోనూ అంతే. మనిషి క్రోమోజోముల్లో చాలా చిన్నదైన 21వది రెండుకు బదులు మూడు వున్నా డౌన్ సిండ్రోమ్ అనే పరిస్థితి వస్తుంది. మరి అంత పెద్ద ఎక్స్ క్రోమోజోము ఒకరికి ఒకటీ, ఇంకొకరికి రెండూ వుంటే ఇద్దరూ హాయిగా ఎలా బతుకుతున్నారు?

ఈ చిక్కును విప్పిందే మేరీ లయన్.

డిగ్రీ లేని డిగ్రీ

ఆమె 1925 మే 15న ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో పుట్టింది. తండ్రి ప్రభుత్వోద్యోగి, తల్లి బడిపంతులమ్మ. బర్మింగ్‌హాంలో చదువుకునే రోజుల్లో ఒక వ్యాసరచన పోటీలో గెలిచింది. బహుమతిగా అడవిపూలు, పక్షులు, చెట్ల మీద నాలుగు పుస్తకాలు ఇచ్చారట. జీవశాస్త్రం మీద మనసు పడింది అప్పుడే. వ్యాసరచన పోటీలకు బహుమతులు ఎంపికచేసే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. స్టీలు గిన్నెలు ఇచ్చినవారు శాస్త్రవేత్తలను తయారుచేసిన దాఖలా లేదు!

1943లో, రెండో ప్రపంచయుద్ధం జరుగుతూండగా, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చేరి జువాలజీ తీసుకుంది. మగపిల్లలతోపాటు అవే పాఠాలు విన్నది, అవే పరీక్షలు రాసింది. కాని 1946లో చదువు పూర్తయినప్పుడు చేతికి వచ్చింది అసలు డిగ్రీ కాదు, పేరుకు మాత్రమే డిగ్రీ. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టాహక్కు ఇచ్చింది 1948లో గాని కాదు. న్యూటన్, డార్విన్ చదివిన చోటు అది! మా కుటుంబంలో రెండు తరాల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. అంచేత ఈ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

ఆమె ఆగలేదు. పరిశోధనకు ఆర్.ఎ. ఫిషర్ దగ్గర చేరింది. ఫిషర్ అంటే వ్యవసాయ కళాశాలల విద్యార్థులకు బాగా తెలిసిన పేరే. పొలాన్ని మడులుగా విడగొట్టి, ఏ మడిలో ఏ ఎరువు వెయ్యాలో చీటీల పద్ధతిలో నిర్ణయించి, వచ్చిన దిగుబడిని లెక్కగట్టే శాస్త్రాన్ని రోథామ్‌స్టెడ్ కేంద్రంలో తీర్చిదిద్దింది ఆయనే. చిట్టెలుకల సంతతిని పెంచి లక్షణాలు లెక్కపెట్టడం లయన్ ఆయన దగ్గరే నేర్చుకుంది. తరువాత ఎడిన్‌బరో వెళ్ళి 1950లో పిహెచ్.డి. పూర్తిచేసింది. అక్కడ ఆ సంస్థకు పెద్ద కాన్రాడ్ వాడింగ్టన్. ఒకే గుడ్డు నుంచి ఇన్నిరకాల కణాలు ఎలా వస్తాయన్న విచారణకు 1942లో “ఎపిజెనెటిక్స్” అని పేరుపెట్టింది ఆయనే. ఆ మాట మీద మళ్ళీ వద్దాం.

అవి హిరోషిమా, నాగసాకి తరువాతి రోజులు. అణుధార్మిక కిరణాల వల్ల జన్యువుల్లో ఎంత మార్పు వస్తుంది, రాబోయే తరాల గతేమిటి అన్న భయం ప్రభుత్వాలకు పట్టుకుంది. బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి ఆ పనికి డబ్బిచ్చింది. 1950ల మధ్యలో లయన్ వున్న బృందం ఆక్స్‌ఫర్డుకు దగ్గరలోని హార్‌వెల్‌కు మారింది. ఇక జీవితమంతా అక్కడే. 1962 నుంచి 1987 దాకా అక్కడి జెనెటిక్స్ విభాగానికి ఆమే అధిపతి.

మచ్చల మగఎలుక

హార్‌వెల్‌లో వేలకొద్దీ చిట్టెలుకలు. వాటిలో ఒక రకానికి ఎక్స్ క్రోమోజోము మీద ఒక జన్యువు దెబ్బతిని వుంటుంది. ఆ ఎక్స్ సంక్రమించిన మగఎలుకలు సాధారణంగా తల్లి కడుపులోనే పోతాయి, లేదా పుట్టాక ఎక్కువకాలం బతకవు. ఆడవి బతుకుతాయి. కాని వాటి వొళ్ళు ఒకే రంగులో వుండదు. లేతరంగు, ముదురురంగు మచ్చలు కలగాపులగంగా వుంటాయి.

అలాంటి సమయంలో, బతకకూడని మచ్చల మగఎలుక ఒకటి ఆమె కంటబడింది. అది ఎలా బతికింది? దానికి ఆమె చెప్పుకున్న సమాధానం ఇది. ఈ ఎలుకకు ఆ దెబ్బ తల్లి నుంచి రాలేదు. అది పిండంగా వుండగా ఏదో ఒక్క కణంలో కొత్తగా వచ్చింది. ఆ కణం సంతానమంతా దెబ్బతిన్న కణాలు, మిగిలినవన్నీ మంచి కణాలు. రెండు రకాల కణాల మిశ్రమం గనకనే మచ్చలు వచ్చాయి, మంచి కణాల బలంతో ఎలుక బతికింది.

ఇంతవరకు బాగానే వుంది. అసలు మెరుపు ఇక్కడ మెరిసింది. ఆ మగఎలుక మచ్చలకూ, మామూలు ఆడఎలుకల మచ్చలకూ తేడా ఏమీ కనపడటంలేదే! అయితే ఆడఎలుక కూడా రెండు రకాల కణాల మిశ్రమమే అయివుండాలి. దాని కణాలన్నిటిలో రెండేసి ఎక్స్‌లున్న మాట నిజమే. కాని కొన్ని కణాల్లో తల్లి ఇచ్చిన ఎక్స్ మాత్రమే పనిచేస్తూ, కొన్నిట్లో తండ్రి ఇచ్చినది మాత్రమే పనిచేస్తూ వుంటే?

ఈ ఊహకు బలం ఇచ్చే సాక్ష్యాలు అప్పటికే వేరువేరు చోట్ల పడివున్నాయి. 1949లో కెనడాలో ముర్రే బార్, బెర్ట్రామ్ అనేవారు ఆడపిల్లుల నరాల కణాల్లో ఒక నల్లని చుక్కను చూశారు. మగపిల్లుల్లో అది లేదు. ఆ చుక్క ముడుచుకుపోయిన ఒక ఎక్స్ క్రోమోజోమేనని 1959లో సుసుము ఓనో చూపించాడు. అదే ఏడాది అమెరికాలో వెల్షన్స్, రస్సెల్ అనేవారు రెండుకు బదులు ఒకే ఎక్స్ వున్న ఆడఎలుక చక్కగా బతికి పిల్లల్ని కంటుందని తేల్చారు. అంటే ఒక ఎక్స్ చాలు! వీటన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది మేరీ లయన్.

1961 ఏప్రిల్ 22 నాటి “నేచర్” పత్రికలో ఆమె వ్యాసం వచ్చింది. చాలా చిన్నది. దాని సారాంశం మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి: ఆడజీవి ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ మాత్రమే పనిచేస్తుంది, రెండోది ముడుచుకుని నిద్రపోతుంది. రెండు: ఏది నిద్రపోవాలన్నది చీటీ వేసినట్లు జరుగుతుంది, తల్లిదైనా కావచ్చు, తండ్రిదైనా కావచ్చు. మూడు: ఈ నిర్ణయం పిండం పెరుగుదలలో తొలిరోజుల్లోనే జరిగిపోతుంది. ఆ తరువాత ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ ఆ నిర్ణయాన్నే పాటిస్తాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు తేలిపోయింది. పిల్లిలో ఎరుపురంగు జన్యువు ఎక్స్ మీద వుంటుంది. ఒక ఎక్స్ మీద ఎరుపు, రెండోదాని మీద నలుపు వున్న ఆడపిల్లిలో ఎరుపు ఎక్స్ మేలుకుని వున్న కణాల సంతతి ఎర్రమచ్చ, రెండోది మేలుకుని వున్నచోట నల్లమచ్చ. తెలుపుకు కారణం వేరే క్రోమోజోము మీది జన్యువు. మగపిల్లికి వున్నది ఒకే ఎక్స్. అంచేత ఎరుపో నలుపో ఏదో ఒకటే. అరుదుగా పుట్టే మూడురంగుల మగపిల్లికి సాధారణంగా రెండు ఎక్స్‌లు, ఒక వై వుంటాయి. పిల్లుల్లో ఈ ఎరుపుకు కారణమైన డి.ఎన్.ఏ. మార్పు కచ్చితంగా ఏమిటో 2025లో జపాను, అమెరికా బృందాలు విడివిడిగా ప్రకటించాయి. సుమారు 5,000 అక్షరాల ముక్క ఒకటి ఎక్స్ మీద నుంచి ఊడిపోయిందట. ఎప్పుడూ మనమధ్య తిరిగే పిల్లి రంగు రహస్యం పూర్తిగా తెలియటానికి ఇంతకాలం పట్టింది!

ఇంకొక తమాషా. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక మూడురంగుల పిల్లి కణం తీసుకుని క్లోనింగు పద్ధతిలో పిల్లిపిల్లను పుట్టించారు. జన్యువులు అచ్చం అవే. కాని పుట్టినదానికి ఎరుపు మచ్చ ఒక్కటీ లేదు. తీసుకున్న కణంలో ఎరుపు ఎక్స్ నిద్రపోతూ వుంది, ఆ నిద్ర అలాగే కొనసాగింది. జన్యువులు ఒకటైనంత మాత్రాన మనిషి గాని జంతువు గాని ఒకటి కాదనటానికి ఇంతకంటె చూడముచ్చటైన నిదర్శనం దొరకదు.

అందరూ ఒప్పుకున్నారా?

లేదు. ఇదే ఊహకు అదేకాలంలో అమెరికాలో లియాన్ రస్సెల్, ఎర్నెస్ట్ బ్యూట్లర్ కూడా విడివిడిగా చేరువగా వచ్చారు. అయినా అభ్యంతరాలు చాలా వచ్చాయి. లండనులో పేరుమోసిన ఎలుకల జన్యుశాస్త్రవేత్త హాన్స్ గ్రూనెబర్గ్ ఏళ్ళ తరబడి దీన్ని వ్యతిరేకిస్తూ రాశాడు. లయన్ కోపంతో జవాబులు ఇవ్వలేదు. ఇంకా ఎలుకలు పెంచింది, ఇంకా లెక్కపెట్టింది.

1963లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి గట్టి సాక్ష్యం వచ్చింది. ఎర్రరక్తకణాలకు కావలసిన జి-6-పి.డి. అనే ఎంజైము జన్యువు ఎక్స్ మీద వుంటుంది. ఇది లోపించిన మనుషులు మన దేశంలోనూ వున్నారు. మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ మాత్ర వారికి పడదు. ఈ ఎంజైములో రెండు రకాలూ వున్న స్త్రీల చర్మకణాలను తీసుకుని, ఒక్కొక్క కణం నుంచి ఒక్కొక్క గుంపును విడిగా పెంచి చూశారు. ప్రతి గుంపులోనూ ఒకే రకం ఎంజైము! రెండూ కలిసిన గుంపు లేదు. లయన్ చెప్పింది ఎలుకలకే కాదు, మనుషులకూ వర్తిస్తుందని తేలిపోయింది. ఈ ప్రక్రియను వైద్యులు “లయనైజేషన్” అనటం మొదలుపెట్టారు.

అయితే అంతా చీటీల ఆటే కాదని తరువాత తెలిసింది. కంగారు జాతి జంతువుల్లో ఎప్పుడూ తండ్రి ఇచ్చిన ఎక్సే నిద్రపోతుందని 1971లో, చిట్టెలుక మావి కణాల్లోనూ అంతేనని 1975లో కనుక్కున్నారు. అంటే తాను తండ్రి నుంచి వచ్చానన్న గుర్తు క్రోమోజోము మీద ఎక్కడో వుంది. తల్లి ముద్ర, తండ్రి ముద్ర అనే ఈ భావన 1984లో ఇంకా పైకి వచ్చింది. కేంబ్రిడ్జిలో, కెన్యాలో పుట్టిన అజీమ్ సురానీ బృందమూ, ఫిలడెల్ఫియాలో మెక్‌గ్రాత్, సాల్టర్ అనేవారూ ఎలుక పిండాలతో ప్రయోగాలు చేశారు. రెండు భాగాలూ తల్లివే అయిన పిండమూ పూర్తిగా పెరగలేదు, రెండూ తండ్రివే అయినదీ పెరగలేదు. క్షీరదం పుట్టాలంటే ఇద్దరి ముద్రా కావలసిందే. హార్‌వెల్‌లోనే బ్రూస్ కాటనాక్ 1985లో ఈ దారిలో ముఖ్యమైన పని చేశాడు.

అక్షరం మారకుండా అర్థం మారటం

ఇక ఎపిజెనెటిక్స్ మాటకు వద్దాం. నిద్రపోయే ఎక్స్‌లో డి.ఎన్.ఏ. అక్షరాలు ఒక్కటీ మారలేదు. పుస్తకం చెరపలేదు, చింపలేదు, పేజీలు అతికించారు, అంతే. విచిత్రమేమంటే ఆ కణం రెండుగా చీలినప్పుడు పుస్తకం నకలు అవటమే కాదు, అతికించిన పేజీలు కూడా అతికించినట్టే నకలవుతాయి. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడ్డ అన్నదమ్ములు ఎవరి ఇంటి ఆనవాయితీ వారు తరతరాలా కొనసాగించినట్టు, కణాలు తమ వంశపు ఆనవాయితీ కొనసాగిస్తాయి. అక్షరం మారకుండా సంక్రమించే ఇలాంటి వారసత్వాన్నే ఈనాడు ఎపిజెనెటిక్ వారసత్వం అంటున్నారు.

అతికించే జిగురు ఏమిటి? ఎక్స్ మీద ఒకానొక కేంద్రం నుంచి ఈ నిద్ర మొదలవుతుందని తెలుస్తూ వచ్చింది. 1991లో అక్కడ ఒక జన్యువు దొరికింది. పేరు ఎగ్జిస్ట్. అది ప్రోటీను తయారుచెయ్యదు. సుమారు 17,000 అక్షరాల పొడవున్న ఆర్.ఎన్.ఏ.ను మాత్రం తయారుచేస్తుంది. ఆ ఆర్.ఎన్.ఏ. తాను పుట్టిన క్రోమోజోమునే దుప్పటిలా కప్పేస్తుంది. దాని వెనక వచ్చే ప్రోటీన్లు క్రోమోజోమును ముడిచేస్తాయి. తరువాత డి.ఎన్.ఏ. మీద మిథైల్ గుంపులు అంటుకుని ఆ నిద్రను స్థిరపరుస్తాయి.

నిద్ర అన్నాను గాని అది కోడినిద్ర. మనిషిలో ఆ ఎక్స్ మీది జన్యువుల్లో సుమారు ఏడింట ఒక వంతు ఎంతో కొంత పనిచేస్తూనే వుంటాయి. అందుకే ఒకే ఎక్స్‌తో పుట్టిన స్త్రీలలో టర్నర్ సిండ్రోమ్ లక్షణాలు కనిపిస్తాయి. ఒకటి చాలు అన్న మాట ఎలుకకు నప్పినంతగా మనిషికి నప్పదు. దుప్పటి అంత పొడవైన క్రోమోజోము చివరిదాకా ఎలా పాకుతుందన్న దానిమీద లయన్ 1998లో కొత్త ప్రతిపాదన చేసింది. డి.ఎన్.ఏ.లో పదే పదే వచ్చే కొన్ని వరుసలు దారిలో మజిలీల్లాగా పనిచేస్తాయేమోనని. అప్పటికి ఆమెకు 73 ఏళ్ళు. రిటైరయి ఎనిమిదేళ్ళయింది!

ఆమె పని ఇదొక్కటే కాదు. చిట్టెలుక 17వ క్రోమోజోము మీద “టి” అనే ఒక దొంగభాగం వుంది. న్యాయంగా తండ్రి నుంచి సగంమంది పిల్లలకు వెళ్ళవలసింది, కొన్నిసార్లు నూటికి తొంభైమందికి పైగా వెళుతుంది. తన పోటీదారు శుక్రకణాలను అది ఎలా కుంటిపరుస్తుందో విడమర్చి చూపింది లయన్. ఎలుకల జన్యువులకు ఒకే పద్ధతిలో పేర్లు పెట్టే సంఘానికి 1975 నుంచి 1990 దాకా అధ్యక్షురాలిగా వుంది. పేరు రాని చాకిరీ అది. 1973లో రాయల్ సొసైటీ ఫెలో, 1984లో రాయల్ మెడల్, ఆ తరువాత వుల్ఫ్ బహుమతి వచ్చాయి. నోబెల్ రాలేదు. 2014 డిసెంబరు 25న తన 89వ ఏట కన్నుమూసింది.

దీనివల్ల ఉపయోగం?

సెలవుల్లో ఈ సంగతులన్నీ మా నాన్నకు చెప్పాను. పత్తిచేలో కలుపు తీయించి వచ్చి అరుగుమీద కూర్చుని అంతా విన్నాడు. “ఎలకల రంగులు లెక్కపెట్టినందుకు జీతం కూడా ఇస్తారా తల్లీ?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. రైతుకు అలా అడిగే హక్కు వుంది. ఆ జీతం చివరకు జనం పన్నుల్లోంచే గదా.

నేను చెప్పిన జవాబు ఇది. మెంకెస్ అనే జబ్బుంది. మగశిశువులకు వస్తుంది. వెంట్రుకలు లేతగా, చిక్కుపడి, పెళుసుగా వుంటాయి. మెదడు దెబ్బతిని చాలామంది పసితనంలోనే పోతారు. 1972లో ఆస్ట్రేలియాలో డేవిడ్ డాంక్స్ అనే పిల్లల వైద్యుడు ఈ వెంట్రుకలు చూశాడు. రాగి లోపించిన పచ్చికబీళ్ళలో మేసే గొర్రెల ఉన్ని సరిగ్గా ఇలాగే పాడవుతుందని ఆ దేశంలో తెలుసు. పరీక్షిస్తే ఆ శిశువులకు రాగి వొంటబట్టడం లేదని తేలింది. ఇక లయన్ లెక్కపెట్టిన మచ్చల ఎలుకల్లో దెబ్బతిన్నది కూడా రాగిని మోసే ఆ జన్యువే! 1993లో మనుషుల్లో, 1994లో ఎలుకల్లో ఆ జన్యువును గుర్తించారు. పుట్టిన కొద్దిరోజుల్లోనే రాగి ఇంజెక్షన్లు మొదలుపెడితే కొందరు శిశువులకు మేలు జరుగుతోంది. గొర్రెల ఉన్ని, ఎలుక వొంటి మచ్చ, పసివాడి జుట్టు, మూడూ ఒకే తాడుకు కట్టివున్నాయి. ఏ కొస పట్టుకుని లాగితే ఏది వస్తుందో ముందుగా ఎవరికి తెలుసు?

గొర్రెల సంగతి వినగానే నాన్న “ఆ, అదీ” అన్నాడు.

ఇంకొక ఉపయోగం వుంది. నాకు అదే ముఖ్యం. మా వూళ్ళో ఒక ఇంట్లో పిల్లవాడు నాలుగేళ్ళు నిండాక తరచు పడిపోవటం మొదలైంది. లేవటానికి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకునేవాడు. తొమ్మిదో ఏటికి నడక పోయింది. అది డుషెన్ అనే కండరాల క్షీణత. జన్యువు ఎక్స్ మీద వుంటుంది. పట్నంలో డాక్టరుగారు “ఇది తల్లివైపు నుంచి వచ్చే జబ్బు” అని ఒక్క మాట అన్నారు. ఆ ఒక్క మాట ఆ ఇంట్లో ఎంత పనిచేసిందో వూరంతా చూసింది. ఆ తల్లిని అత్తవారు పేరుపెట్టి పిలవటం మానేశారు. పెళ్ళి పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. పిల్లవాడి చక్రాల కుర్చీ తోసేది మాత్రం ఆమే.

డాక్టరుగారి మాట అబద్ధం కాదు. మగపిల్లవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కాని రావటం వేరు, తప్పు వేరు. ఆమెకున్న రెండు ఎక్స్‌లలో ఏది బిడ్డకు వెళ్ళాలో ఆమె ఎంచలేదు. అది బొమ్మాబొరుసూ. పైగా ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు మూడోవంతుమందికి తల్లిలో ఆ లోపం వుండనే వుండదు. అది ఆ బిడ్డతోనే కొత్తగా పుట్టిన మార్పు. ఆమెలో లోపం వున్నదే అనుకుందాం. లయన్ చెప్పిన ప్రకారం ఆమె కండల్లో సుమారు సగం కణాల్లో మంచి ఎక్స్ నిద్రపోతూ వుంటుంది. మిగతా సగం మొత్తం బరువు మోస్తుంది. కొందరు స్త్రీలలో ఈ చీటీల ఆట ఒకవైపు మొగ్గితే వారికీ కండల నీరసం, గుండె బలహీనత రావచ్చు. అంటే ఆమె నిందితురాలు కాదు. గుండె పరీక్ష చేయించవలసిన మనిషి. ఆ పరీక్ష సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కిందటి సంక్రాంతికి నేను ఆమె దగ్గర కూర్చుని, కాగితం మీద రెండు ఎక్స్‌లు గీసి ఇదంతా చెప్పాను. ఎంతవరకు అర్థమయిందో నాకు తెలియదు. చివర్లో మాత్రం, “అయితే నేనేం చెయ్యలేదంటావా అమ్మాయ్?” అని రెండుసార్లు అడిగింది. “ఏం చెయ్యలేదు పిన్నీ” అని రెండుసార్లూ చెప్పాను. ఉగాది తరువాత జిల్లా ఆసుపత్రిలో గుండె పరీక్ష చేయించుకుంది. ఇప్పటికి గుండె బాగానే వుందని చెప్పి, ఏడాదికి ఒకసారి రమ్మన్నారు.

లెక్చరర్లకూ, పూర్వవిద్యార్థులకూ, తోటి విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. మనం ల్యాబులో బార్ చుక్కను చూసి, బొమ్మ గీసి, రికార్డులో సంతకం పెట్టించుకుని వచ్చేస్తాం. బుగ్గ లోపలి నుంచి గీకి తీసిన ఆ నాలుగు కణాల్లో నల్లగా కనిపించేది నిద్రపోతున్న ఒక క్రోమోజోము. అది మన ఇళ్ళల్లో ఎందరో స్త్రీలు మోస్తున్న నిందకు జవాబు కూడా. మనలో ప్రతి ఒక్కరం ఈ సంవత్సరం మన వూరు వెళ్ళినప్పుడు ఒక్క ఇంట్లో, ఒక్క తల్లికి, ఆమె భాషలో ఈ సంగతి చెప్పగలిగితే మన చదువుకు అర్థం వుంటుంది. పరీక్షలో ఆ రెండు మార్కులు ఎలాగూ వస్తాయి.